తెల్ల తెర మీద మనవరాలు

పొద్దున్నే ఫోటో స్టూడియో షట్టరు ఎత్తడం, లైట్లు వేయడం, ముడత లేకుండా తెల్ల తెర లాగి కట్టడం మామగారి పని. అదయ్యాక లోపలికి తల తిప్పి కేక వేసేవాడు.

"అమ్మాయ్, ఒకసారి వచ్చి నిలబడు. వెలుతురు సరిపోయిందో లేదో చూద్దాం."

వెలుతురు ఒట్టి సాకు. కోడలు కడుపుతో ఉంది. కడుపులో బిడ్డ కదలడం మొదలైతే, పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఆ నీడ తెర మీద తల్లి నీడ పక్కన పడుతుంది కదా, దానికోసమే ఆయన తహతహ.

మొదటిసారి ఆ నీడ పడిన రోజు ఆయన గంతు వేయడం ఒక్కటే తక్కువ. "ఆడపిల్లే! ఎంత పొడుగో! ఆ ముక్కు చూడవే, అచ్చం నాదే!"

"ముక్కు సరే, ఆ జుట్టేంటండీ, పిచ్చుక గూడులా!" అని నవ్వింది అత్తగారు. ఆ వారమంతా వీధిలో వాళ్లందరికీ ఉన్నట్టుండి ఫోటోలు అవసరమయ్యాయి.

ఆయన నవ్వు మాత్రం ఎంతోకాలం నిలవలేదు. నీడ నాలుగడుగులు వేస్తుంది, కూర్చుంటుంది. గ్లాసు ఎత్తి గటగటా తాగుతుంది, మళ్లీ తాగుతుంది. వంగి ఎడమ పాదం నొక్కుకుంటుంది. దానికి నలభై ఏళ్లు కూడా ఉండవు. ఆ కూర్చునే తీరు ఆయనకి బాగా తెలుసు. ఏళ్ల తరబడి సుగరుతో ఆయన కూర్చునేదీ అలాగే. మేజోడు కింద తన మడమ మీద మానని పుండు ఒకటుందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే స్కానింగులో బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని తేలింది. "అన్నం కోడి కెలికినట్టు కెలుకుతుంది, ఎలా ఎదుగుతుంది మరి!" అని అత్తగారు డాక్టరమ్మ ముందే కోడలి మీద విరుచుకుపడింది.

డాక్టరమ్మ కోడలి పరీక్షలన్నీ చూసింది. ఎక్కడా తేడా లేదు. "మీ అబ్బాయి పుట్టినప్పుడు ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"అరచేతిలో పట్టేవాడు. ఈయనా అంతేనట, దూదిలో చుట్టి పెంచారట."

"మీకు సుగరుందా?" అని డాక్టరమ్మ మామగారి వైపు తిరిగింది.

"కొద్దిగా" అన్నాడు మామగారు.

"కొద్దిగానా!" అంది అత్తగారు.

"కడుపులో బిడ్డ పెరగాలంటే దాని ఒంట్లోనే ఇన్సులిన్ తయారవ్వాలి" అంది డాక్టరమ్మ. "ఆ తయారీ కాస్త తగ్గించే జన్యువులు కొన్నుంటాయి. తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. అవి వస్తే బిడ్డ చిన్నగా పుట్టొచ్చు. పెద్దయ్యాక సుగరుకి దారితీసేవీ అవే కావచ్చు. చిన్నగా పుట్టిన వాళ్లందరికీ వస్తుందని కాదు. మీ ఇంట్లో మాత్రం అలాగే ఉన్నట్టుంది. ఇందులో కోడలి తప్పేం లేదు."

అత్తగారు కోడలి చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"అయితే ఆ పిల్ల అలా కూలబడేది నా వల్లేనా?" అని అడిగాడు మామగారు.

"జన్యువుల్ని మార్చలేం. కానీ అన్నీ తేల్చేది అవే కాదు. తిండి, నడక, వేళకి పరీక్షలు. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉంటే పిల్లకి అదే అలవాటవుతుంది."

మామగారు వంగి మేజోడు విప్పాడు. పుండు చూసి డాక్టరమ్మ గబుక్కున లేచింది. ఇంకొన్నాళ్లు దాచి ఉంటే పాదం దక్కేది కాదట.

పుండు మానడానికి సమయం పట్టింది. మానగానే ఆయన నడక మొదలుపెట్టాడు. కొడుకుని దుప్పటి లాగి లేపేవాడు. "నీకింకా సుగరు రాలేదు కాబట్టే లేవమంటున్నానురా!" వెనకాల అత్తగారు, ఆవిడ చెయ్యి పట్టుకుని కోడలు. "ఊరేగింపు బయల్దేరింది!" అని వీధివాళ్లు నవ్వేవారు. తిరిగి రాగానే అందరూ తెర ముందుకే పరుగు.

కొన్నాళ్లు ఏ మార్పూ లేదు. ఒకరోజు నీడ కూర్చోకుండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఇంకోరోజు మెట్లెక్కుతున్నట్టు మోకాళ్లెత్తింది. మామగారు ఈల వేశాడు.

నెలలు నిండాక ఒక ఉదయం, ఫోటోకి వచ్చినాయన ఎదురుగా కూర్చుని ఉండగా, తెర మీద నీడ నడుం వంగిపోయి కనిపించింది. చేతిలో కర్ర.

"అయ్యో, ఏమైందండీ దీనికి!" అంది అత్తగారు.

మామగారు దగ్గరికెళ్లి చూశాడు. పల్చబడ్డ జుట్టు, చిన్న ముడి, బోసినోరు. నీడ కర్ర ఎత్తి ఎవరినో గదమాయిస్తోంది.

"ముసలిదైందే!" అని అరిచాడు. "మన మనవరాలు ముసలిదైందిరా! ఎనభై ఉంటాయి దానికి!"

కొడుకు తండ్రిని ఎత్తి గిరగిరా తిప్పాడు. కోడలు నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది. ఏ సంబంధమూ లేని ఆ ఫోటో ఆయన కూడా లేచి చప్పట్లు కొట్టాడు. ఆ నవ్వులోనే కోడలికి నొప్పులు మొదలయ్యాయి.

సాయంత్రం నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డని తెచ్చి, "పాప కాస్త చిన్నగా ఉందండీ" అంది, వాళ్లు బాధపడతారేమోనని మెల్లగా.

"ఉండనీ తల్లీ, మా ఇంట్లో అలాగే పుడతాం" అన్నాడు మామగారు చేతులు చాపి. "ఇలా ఇవ్వు మా ముసలమ్మని."