రాణి కోటలో చిక్కిన రోజు

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగినప్పటి నుంచి నర్మెట్ట దీక్షా శిబిరంలో కండక్టర్ ఇంతియాజ్ ఒక నవలను రోజూ కొంత చదివి వినిపిస్తున్నాడు. పక్షి మీద ఎగిరి యుద్ధం చేసే పాతకాలపు రాణి కథ. కొంరమ్మ ముందు వరసలో కూర్చుని వినేది. ఇంటికొచ్చాక కూడా, "గా ఇంతియాజ్ ఎంత మంచిగ చదువుతడో!" అనేది.

ఆ మాట మొగుడు సాయిలుకు గొంతులో ముల్లయింది. పేపరు తప్ప ఏదీ ముట్టని మనిషి, ఆ నవలలో ఏముందో చూద్దామని ఇంతియాజ్ దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు.

"మాయలు మంత్రాలు నీకు గిట్టయి గదా?" అంది కొంరమ్మ.

సాయిలు పుస్తకం తెరిచాడు. కూడబలుక్కుంటూ చదివాడు. తప్పులు పడదామని మొదలుపెట్టినవాడు, రాణి శత్రువుల కోటలో చిక్కాక పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు.

మర్నాడు దీక్షలో గీత కార్మికుల వంతు. కల్లు గీసే సాయిలు కూడా మెడలో దండతో కూర్చున్నాడు.

"పుస్తకమేది, సాయిలన్నా?" అన్నాడు ఇంతియాజ్.

"ఇంట్ల ఉంది. ఇంక ఒడువలే, కొన్ని పేజీలు మిగిలినయి."

"అందరు ఎదురుచూస్తుండ్రే!"

"పేపర్ చదువు."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. కొంరమ్మ నవ్వలేదు. మొగుడి పక్కకు జరిగి, "రాణి కోటల నుంచి బయటపడ్డదా?" అని మెల్లగా అడిగింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తనను కథ అడగడం అదే మొదలు. సాయిలు ఇంతియాజ్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు.

"గీడ కాదు. ఇంటికి పోయినంక చెప్త. నీకొక్కదానికే."