పంతొమ్మిదో చుట్టు

మేం ప్రోగ్రెసివ్ రాక్ వాయించే రోజుల్లో ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగేది. మధ్యలో లేచి టీ తాగొచ్చినా ఎవరికీ ఏమీ నష్టం ఉండేది కాదు. నేను ఆర్గన్, బావమరిది డ్రమ్స్. మా పెద్ద పాటలో ఏడు దెబ్బల చుట్టు ఒకటుండేది. దాన్ని నాలుగుసార్లు తిప్పాక నేను తలూపాలి, అప్పుడు అందరూ ఆగి నెమ్మదిగా సాగే చివరి భాగంలోకి రావాలి. ఆ చివరి భాగం కొత్తగా పెళ్లయిన నా భార్య కోసం కట్టాను.

నలభై ఏళ్ల కిందటి కచేరీలో నేను లెక్క తప్పాను. నాలుగయిందో అయిదయిందో తెలియలేదు. ఎప్పుడు ఊపినా తప్పే అవుతుందన్న భయంతో మెడ బిగుసుకుపోయింది. నేను ఊపనిదే ఎవరూ ఆగరు, అది మా పద్ధతి. పంతొమ్మిదో చుట్టులో కరెంటు పోయింది. రికార్డింగూ అక్కడే తెగింది.

చీకట్లో మా ఆవిడ వేదిక దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "చివర్లో నా కోసమన్నది ఇదేనా? ఎంతసేపు తిప్పారో!" అంది. అవునన్నాను. నోరు జారింది, అంతే.

ఆ రికార్డుకి పిచ్చి అభిమానులు పుట్టుకొచ్చారు. నా తెలివితక్కువతనాన్ని తపస్సన్నారు. ఈ ఏడాది ఆ కచేరీని ఉన్నదున్నట్టు మళ్లీ వాయించమన్నారు. పంతొమ్మిదో చుట్టులో మెయిన్ స్విచ్ ఆపాలని లైట్లతను కాగితం మీద రాసుకున్నాడు కూడా.

మా ఆవిడకి ఇప్పుడు ఒక చెవి వినపడదు. రెండోదీ ఎక్కువ కాలం ఉండదన్నాడు డాక్టరు. ఆమె ఇంతవరకూ వినని ఆ చివరి భాగాన్ని ఇంట్లో వాయించి వినిపించాలంటే ముందు ఆ రోజు చీకట్లో అన్న అవునుని వెనక్కి తీసుకోవాలి. నలభై ఏళ్లుగా ఆ ధైర్యం రాలేదు నాకు. వేదిక మీదైతే చెప్పే పని లేదు, వాయించేస్తే చాలు.

"ఈసారి నాలుగుకే ఊపుతాను, ఆగు," అన్నాను రిహార్సల్లో.

"సరే బావా," అన్నాడు బావమరిది.

కచేరీలో నాలుగో చుట్టు అయింది. మెడ కలుక్కుమనేంత గట్టిగా ఊపాను. వాడు నన్ను చూశాడు, ఆగలేదు. హాలంతా "అయిదు" అని అరిచింది. మళ్లీ ఊపాను. "ఆరు" అన్నారు.

"ఆపరా," అన్నాను.

వాడు గడ్డంతో ముందు వరుస చూపించాడు. "అక్క లెక్కపెడుతోంది బావా."

చూశాను. వినపడే చెవి మావైపు తిప్పి, ఒక్కో వేలూ మడుస్తోంది. చిన్నపిల్ల ముఖంలా ఉంది ఆ ముఖం. నా చేతులు వాటి పాటికి అవి తిరుగుతూనే ఉన్నాయి. పది. పదిహేను. ఇక తలూపలేదు నేను.

పంతొమ్మిదో చుట్టులో లైట్లతను తన పని తాను చేశాడు.

చీకట్లో తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి కూడా తగ్గించలేదు మీరు," అంది.

"తగ్గిస్తానా," అన్నాను, ఆమె వినపడే చెవిలో.