గునుగు పస్తు

కుక్కపిల్లను పస్తుంచడం ఇంత కష్టమని నర్సింగం అనుకోలేదు.

"రాత్రి తొమ్మిది దాటాక చుక్క పాలు కూడా పోయకండి" అని పశువుల డాక్టర్ ధరణి కరీంనగర్ నుంచి ఫోన్లో రెండుసార్లు చెప్పింది. ఆ మాటను నర్సింగం భార్య సారక్కకు నాలుగుసార్లు చెప్పాడు. ఆమె నాలుగుసార్లూ తలూపింది. తలూపడంలో ఆమెను మించినవాళ్లు గోదావరిఖని కార్మికుల ఇళ్లల్లో లేరు.

పిల్ల పేరు గునుగు. బొగ్గుబాయి మీద టోపీ దీపాలిచ్చే గది వెనుక ఈనిన కుక్క, ఐదు పిల్లల్ని నాకి దీన్ని మాత్రం మూతితో పక్కకు నెట్టేసింది. బొగ్గు దుమ్ములో గునుగు పువ్వులా తెల్లగా పడివున్నదాన్ని, షిఫ్టు దిగి వస్తూ నర్సింగం టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. పాలు పడితే ముక్కులోంచి వచ్చాయి. నోరు తెరిచి చూస్తే అంగిలి మధ్యన నిలువునా చీలిక. పుట్టుకతోనే అంత.

"దేవుడు కుట్టు మర్శిండు" అంది సారక్క.

పక్కింటి సమ్మవ్వ వాకిట్లో నుంచే తీర్పు చెప్పింది. "కుక్కకు ఆపరేషనా? నీ మొగనికి బోనస్ ఎక్కువొచ్చిందా ఏందే?"

"ఎక్కువొచ్చి గాదవ్వా, దీనికి అంగిట్ల తక్కువొచ్చి."

ధరణి సన్నటి గొట్టం, సూదిలేని సిరంజి ఇచ్చి, పాలు నేరుగా కడుపులోకి ఎట్లా దింపాలో నేర్పింది. సంతకం పెట్టమంటే వణికే సారక్క వేళ్లు, గొట్టం దింపేటప్పుడు ఒక్కసారీ వణకలేదు. నాలుగు నెలలు, రోజుకు ఐదుసార్లు. అయినా రెండుసార్లు పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. మూడోసారి చేస్తే బతకదని, ఇప్పుడు కుట్టడానికి సరిపడా పెరిగిందని ధరణి చెప్పింది. మత్తు ఇచ్చే డాక్టరు చక్రపాణి హన్మకొండ నుంచి నెలకు ఒక్క శనివారమే వస్తాడు.

ఆ శనివారం నర్సింగం సెలవు పెట్టాడు. ఐదున్నర బస్సు. అతను పెరట్లో మొహం కడుక్కుంటుంటే, సారక్క అట్టపెట్టెలో పాత చీర పరిచి గునుగును పడుకోబెడుతోంది. బాయి మీద ఐదింటి సైరన్ కూసింది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. సైరన్ కూశాక గడప దాటేవాళ్లెవరూ ఉత్త కడుపుతో దాటకూడదు. రెండు ముద్దలైనా సరే. సారక్క తమ్ముడు పోశం ఏదో మాటకు అలిగి, ముందున్న కంచం నెట్టేసి మొదటి షిఫ్టుకు పోయిన రోజే బాయిలో పైకప్పు కూలి అతని ప్రాణం తీసింది. పన్నెండేళ్లయింది. ఆ సైరన్ వింటే చాలు, ఇప్పటికీ ఆమె చేతులు ఆమెను అడగకుండానే పని మొదలుపెడతాయి.

నర్సింగం లోపలికి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

కరీంనగర్‌లో ఎనిమిదిన్నరకు గునుగును బల్ల మీద పెట్టారు.

"ఏమీ పెట్టలేదు కదా?" అడిగింది ధరణి.

"నోరు కట్టేసినం డాక్టరమ్మా! నీళ్ల సుక్క లేదు" అన్నాడు నర్సింగం గర్వంగా.

చక్రపాణి మందు సూదిలోకి తీస్తున్నాడు. సారక్క మెల్లగా అడిగింది. "పెడితే ఏమైతది డాక్టరమ్మా?"

"మత్తులో కక్కుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే బల్ల మీదే ప్రాణం పోతుందమ్మా."

చెబితే ఈ నెల తప్పిపోతుంది. మళ్లీ శనివారం వచ్చేలోపు నిమ్ము చేస్తే పిల్ల దక్కదు. చెప్పకపోతే ఇప్పుడే పోతుంది. సారక్క సూదికీ గునుగుకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను పాలు పోసిన."

"ఏందే!" నర్సింగం గొంతు లేచింది. "నాలుగుసార్లు చెప్తి గదనే! నాకన్న ఒక మాట చెప్తే కాదా?"

"చెప్తే పొయ్యనిస్తవా?"

"ఆపరేషన్‌కు తోలుకొచ్చినవా, బాయి దింపుతాన్నవా దీన్ని?"

"గడప దాటుతాంటె చెయ్యి ఆగలే" అంది సారక్క.

అతను కోపం దిగమింగి గునుగు వీపు నిమిరాడు. పోశాన్ని పైకి మోసుకొచ్చినవాళ్లలో తనూ ఒకడు.

చక్రపాణి సూది కింద పెట్టాడు. "వచ్చే నెల చూద్దాం. పన్నెండింటికి నా బస్సు."

"వచ్చే నెల దాక ఉంటదా సారూ ఇది?"

ధరణి గడియారం చూసి అడిగింది. "ఎన్నింటికి పోశావమ్మా? ఎంత?"

"ఐదింటి సైరన్ కూసినంక. సూదిల ముప్పై గీత కాడికి. ఉత్త పాలే, గుడ్డు కలపలే."

"వీళ్లు చెప్పే టైము గంట అటూ ఇటూ ఉంటుంది" అన్నాడు చక్రపాణి. "అది నమ్మి మత్తు ఇవ్వలేను."

"మా నాన్న పాతికేళ్లు గోదావరిఖని గనుల్లో ఇంజనీరండీ" అంది ధరణి. "మాది గుంటూరే గానీ, నేను ఆ సైరన్‌కే లేచి చదువుకున్నాను. మీ వాచీ అయినా తప్పుతుందేమో గానీ, అది తప్పదు. ఎనిమిది గంటలు గడవనిచ్చి ఒంటిగంటకు మొదలుపెడదాం. మీరు సాయంత్రం బస్సుకు వెళ్లండి."

"ఇంట్లో చంపుతుంది."

"మీ ఆవిడకు నేను ఫోన్ చేస్తాను."

చక్రపాణి గొణుక్కుంటూనే కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

వరండాలో నాలుగు గంటలు. గునుగు ఆకలికి కుయ్యిమన్నప్పుడల్లా సారక్క పెట్టెను ఒడిలో అటూ ఇటూ ఊపింది. నర్సింగం ఇడ్లీ పొట్లం తెచ్చాడు.

"తిను. నీకేం కుడుతలేరు."

"అది ఏడుస్తాంటె ఎట్ల మింగాలె?"

"నేనైతే తింట. ముగ్గురం పస్తుంటే ఇంటికి మోసేదెవరు?" అని అతను అటు తిరిగి తిన్నాడు.

మూడింటికి ధరణి బయటికి వచ్చింది. "చీలిక మొత్తం మూసుకుంది. పదిరోజులు కుట్లు నిలిస్తే ఇక భయం లేదు. రాత్రికి ఇక్కడే ఉండండి."

గునుగు నాలుక పక్కకు వేలాడేసి పడుకుంది. పొట్ట లేస్తోంది, పడుతోంది. సారక్క చెయ్యి దగ్గరికి తెస్తే, కళ్లు తెరవకుండానే ముక్కు కదిపి, సన్నగా మూలిగింది.

"ఆకలైతాంది డాక్టరమ్మా. ఎప్పుడు పొయ్యాలె?"

"రేపు ఏడింటికి. మొదటిసారి నేనే పోస్తాను. అంతదాకా ఏదీ వద్దు."

సారక్క పాల సీసా, గొట్టం ఉన్న సంచీ తీసి నర్సింగం చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర్నే పెట్టుకో. తెల్లారేదాక నాకియ్యకు. ఏడ్చినా ఇయ్యకు."

"ఎవలు ఏడ్చినా? అదా, నువ్వా?"

"ఇద్దరం."

నర్సింగం సంచీని చంకలో ఇరికించుకుని, గేటు బయట వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు.