పిక్క పట్టేసిన రోజు

గుర్రాలకు రాసే తైలం సీసా మూత తీయగానే ఘాటు వాసన వంటిల్లంతా నిండింది. ఓర్వల్ ఎడమ కాలు స్టూలు మీద చాపి కూర్చున్నాడు. భార్య అల్వీనా కింద కూర్చుని అతని పిక్కను రెండు బొటనవేళ్లతో నొక్కి రుద్దుతోంది.

"ఇంకాస్త గట్టిగా రుద్దవే. రొట్టెల పిండి పిసికినట్టు."

"పిండయితే నోరు మూసుకుని పడుంటుంది."

ఓర్వల్ నవ్వాడు. కోతల మొదటి వారం నుంచీ ఆ పిక్క నొప్పిగానే ఉంది. కాన్సాస్‌లో ఆ చుట్టుపక్కల రైతులందరికీ కాలినొప్పి అంటే ఒకటే అర్థం: పట్టేసింది. మందూ ఒకటే. గుర్రానికైనా, మనిషికైనా అదే సీసా.

పొడుగాటి మనిషి. మెడ ఎండకు ఇటుక రంగు తేలింది. టోపీ తీస్తే నుదురు మాత్రం తెల్లగా, వేరే ఎవరిదో అన్నట్టు ఉంటుంది. సొంత భూమి లేదు. వయసంతా ఇతరుల గోధుమ చేలల్లో కోత మిషన్ నడిపాడు. అందుకు ఏనాడూ బాధపడలేదు. గాజు క్యాబిన్‌లో కూర్చుంటే ముందు పసుపు పచ్చని చేను, వెనక ట్యాంకులో గలగలా పడే గింజలు. అంతకంటే ఏం కావాలో అతనికి తెలియదు.

మంచు ఆరాక ఎక్కితే చీకటి పడేదాకా దిగడు. తిండి క్యాబిన్‌కే వస్తుంది. నీళ్లు మాత్రం గుటకలతో సరిపెడతాడు. ఎక్కువ తాగితే దిగాలి, దిగితే మిషన్ ఆగాలి. కోతల్లో మిషన్ ఆపేవాడు డ్రైవరే కాదని అతని లెక్క.

ఆ రోజు ఎడమ బూటు తాడు ముడిపడలేదు. వదులుగానే వదిలేసి మిషన్ నిచ్చెన ఎక్కాడు. సగంలో ఊపిరి అందక ఆగాడు. వయసు మీద పడుతోందనుకుని మిగతా మెట్లు ఎక్కేశాడు.

రేడియోలో చేను యజమాని మెర్ల్ గొంతు. "ఓర్వల్ బాబాయ్, పడమటి వైపు చూశావా?"

చూశాడు. ఆకాశం అడుగున నల్లటి గీత. వడగళ్ల మబ్బు. మిగిలింది ఈ ఒక్క చేనే. మెర్ల్ ఏడాది కష్టమంతా అందులోనే ఉంది.

"సాయంత్రం లోపు కోసేస్తాలేరా."

"ఆ మాట మబ్బుకి చెప్పావా? అదేమైనా మీ చుట్టమా?"

"చుట్టమైతే చెప్పకుండానే వచ్చేసేదిగా!"

ఇంటి దగ్గర అల్వీనా సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది. పొద్దున ఆ పిక్క చేతికి వేడిగా తగిలింది. రెండో కాలు చల్లగానే ఉంది. ఇంకాస్త ఘాటైన మందు అడుగుదామని క్లినిక్‌కి ఫోన్ చేసింది. నర్సు జోలీన్ తీసింది.

"రెండు కాళ్లా అత్తా, ఒకటేనా?"

"ఒకటే."

"వాచిందా?"

"బూటు సరిగ్గా పట్టడం లేదు. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది."

"రుద్దారా?"

అల్వీనా తన బొటనవేళ్లు చూసుకుంది. "రుద్దాను."

జోలీన్ గొంతు మారింది. "ఇక ఎవ్వరూ ఆ కాలు ముట్టుకోవద్దు. కాళ్లలో రక్తం పైకెళ్లాలంటే పిక్క కదలాలి. రోజంతా కూర్చుంటే అది సిరలో నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయిందా, మనిషి దక్కడు. ఉన్నపళాన ఆసుపత్రికి తీసుకెళ్లు."

ఓర్వల్ ఫోన్ ఎత్తలేదు. అల్వీనా పికప్ ట్రక్కు తీసింది.

చేను గట్టు మీంచి చెయ్యి ఊపింది, అరిచింది. మిషన్ హోరులో ఏమీ వినపడలేదు. భోజనం తెచ్చిందనుకుని అతను ముందుకు చూపించాడు. ఈ వరస అయ్యాక వస్తానని.

అల్వీనా రైతు బిడ్డ. కోయని చేలో అడుగు పెట్టినందుకు చిన్నప్పుడు వాళ్ల నాన్న ఒక రాత్రి అన్నం పెట్టనివ్వలేదు. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అలా అడుగు పెట్టలేదు. ఇప్పుడు స్టీరింగ్ ఒక్కసారి తిప్పింది. పికప్ నిలబడ్డ గోధుమలోకి దూసుకెళ్లింది. పండిన కంకులు బంపర్ కింద ఫటఫటా విరిగాయి. సరిగ్గా మిషన్ కోత పళ్లకు అడ్డంగా ఆపింది.

మిషన్ రెండు బారల దూరంలో కీచుమని ఆగింది. ఓర్వల్ క్యాబిన్ తలుపు తెరిచాడు.

"పిచ్చెక్కిందా? చేను తొక్కేశావ్!"

"తొక్కాను. అది పిక్క పట్టడం కాదు, రక్తం గడ్డకట్టింది. నర్సు చెప్పింది. దిగు."

"మబ్బు నెత్తి మీదుందే!"

"చేను పోతే వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది. నువ్వు మొలుస్తావా?"

మెర్ల్ పరుగెత్తుకొచ్చాడు. నలిగిన గోధుమ చూశాడు, అల్వీనా మొహం చూశాడు. నర్సు మాటలు విన్నాక టోపీ తీశాడు.

"దిగు బాబాయ్. మిగతాది నేను కోస్తా."

"వంకరటింకరగా తోల్తావ్."

"తోల్తాను. నువ్వు ఆసుపత్రి నుంచి తిడుదువుగాని."

ఓర్వల్ కాసేపు చేను వైపు చూశాడు. నొప్పెడుతున్న పాదం నుంచి బూటు లాగి పెడల్ పక్కన పెట్టాడు. తర్వాత మెర్ల్ భుజాల మీద బరువంతా వేసి మెల్లగా దిగాడు.

"బూటో?" అంది అల్వీనా.

"ఉండనీ. రేపొచ్చి తీసుకుంటా."

ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. గడ్డ మోకాలి నుంచి తొడదాకా పాకింది. చిన్న ముక్క అప్పటికే ఊపిరితిత్తికి చేరింది. నిచ్చెన మీద ఊపిరి అందకపోవడం వయసు వల్ల కాదు. ఇంకో పూట ఆగి ఉంటే పరిస్థితి చెయ్యి దాటేదని డాక్టరు చెప్పింది. రక్తం పలచబడే మందు ఎక్కుతుండగా కిటికీ మీద వడగళ్లు టపటపా పడ్డాయి. ఓర్వల్ కళ్లు మూసుకున్నాడు.

అల్వీనా ఫోన్ మోగింది. మెర్ల్. ఆమె ఫోన్ ఓర్వల్ చెవి దగ్గర పెట్టింది.

"అయిపోయింది బాబాయ్. చివరి వరస మాత్రం పాము పాకినట్టుంది."

ఓర్వల్ నవ్వుతూనే నిద్రలోకి జారుకున్నాడు.

ఓర్వల్ మళ్లీ ఆ మిషన్ సీటు ఎక్కలేదు. ఆ మరుసటి కోతల నుంచి కాళ్లలో రక్తం నిలవకుండా బిగువు మేజోడు తొడుక్కుని, క్యాబేజీ, మాంసం కూరిన వేడి బన్నుల బుట్టతో చేలకు వస్తున్నాడు. డ్రైవరు దిగాలి, మిషన్ చుట్టూ ఒకసారి నడవాలి, గ్లాసు నిండా నీళ్లు తాగాలి. అప్పుడే బన్ను.

"జైల్లో కూడా ఇంత కట్టడి ఉండదు బాబాయ్!" అంటాడు మెర్ల్.

"జైల్లో బన్ను కూడా ఉండదు. నడువు."

మెర్ల్ గొణుగుతూ నడుస్తాడు, ఓర్వల్ బుట్ట పట్టుకుని తృప్తిగా చూస్తాడు. పైన క్యాబిన్‌లో, పెడల్ పక్కన, తాడు వదులుగా ఉన్న ఎడమ బూటులో గోధుమ పొట్టు మడమ దాకా నిండింది.