మెట్లు వెనక్కి దిగే మనిషి

మా ఆయన ఇంటి మెట్లు వెనక్కి దిగేవాడు. చేతిలో అన్నం డబ్బా, మొహం నా వైపు, వీపు వీధి వైపు. పక్కింటావిడ పకపకా నవ్వేది. "బరువుతో వాలు దిగేటప్పుడు బరువు పై వైపునే ఉండాలమ్మా. ముందుకు దిగితే సరుకు జారుతుంది, బండి బోర్లా పడుతుంది" అనేవాడాయన.

గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. చేరిన కొత్తలో బస్తాలన్నీ వీపు మీదే. తర్వాత రెండు చక్రాల తోపుడు బండి వచ్చింది. ఆ తర్వాత చెక్కపలక కింద దూర్చి పిడి ఆడిస్తే సరుకును లేపే చేతిబండి. చివరికి డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్: ముందు రెండు ఇనప కొమ్ములు, తూకానికి వెనక ఇనప దిమ్మ. అది వచ్చిన రోజున ఇంటికొచ్చి, "ఇక నా నడుం నీకేనే!" అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

ఇప్పుడు ఆయన లేడు. డీజిలూ లేదు. కొత్త బండి బ్యాటరీతో పిల్లిలా నడుస్తుంది. ఆ బ్యాటరీ బరువు కూడా తూకానికి పనికొస్తుందట. ఆ బండి నడపడం నేర్చుకుంటున్న మనవరాలి శిక్షణ పుస్తకాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను మరి. పరీక్ష నెగ్గితే దానికి ఇక్కడే ఉద్యోగం. తప్పితే ఎక్కడో దూరపు గోదాముకి, పెట్టెలు కట్టే పనికి పంపేస్తారు. నన్ను వదిలి వెళ్ళినవాళ్ళు ఇప్పటికే చాలామంది.

పరీక్ష రోజున గోదాములో వాలు కింద, పసుపు గీతకి ఇవతల నిలబడ్డాను. పరీక్ష పెట్టే సూపర్‌వైజర్ ఒకప్పుడు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"వదినా, గీత దాటకు. నువ్వు వణుకుతుంటే నేల అదురుతోంది."

"మీసం నెరిసింది గానీ నోరు మారలేదయ్యా నీది."

పైన మనవరాలు బండితో పెట్టెలెత్తుకుని వాలు వైపు వస్తోంది. సూపర్‌వైజర్ కేకేశాడు: "తేలిక సరుకేనమ్మా, టైమైపోతోంది! అలాగే ముందుకు దిగిరా!"

పెద్దల మాట జవదాటని పిల్ల అది! బండి ఇంకొంచెం ముందుకొచ్చింది. పుస్తకంతో నోరు నొక్కుకున్నాను.

బండి ఆగింది.

"కుదరదు సార్! మా తాతయ్య అన్నం డబ్బాతోనే వెనక్కి దిగేవాడు. ఇన్ని పెట్టెలతో నేను ముందుకు దిగుతానా?"

హారన్ కొట్టి, పైనే మెల్లగా బండి తిప్పుకుని, వెనక్కి దిగడం మొదలుపెట్టింది. మెడ తిప్పి దారి చూసుకుంటోంది. ఆ దారి చివర నేనే. ఆయన అలా నన్ను చూస్తూ వెళ్ళేవాడు. ఇది అలాగే చూస్తూ వస్తోంది.

"నెగ్గింది వదినా! నేను కావాలనే వేసే ఆ కేకకి సగం మంది బోల్తా పడతారు. ఒకప్పుడు నేనూ పడ్డాను, అన్న పెట్టిన పరీక్షలో."

మర్నాడు పొద్దున అది డబ్బా పట్టుకుని మెట్లు వెనక్కి దిగింది. పక్కింటావిడ తల పట్టుకుంది.

"అయ్యో రాత, ఇది మీ ఇంటిల్లిపాదికీ అంటుకుందా?"

"అంటుకుంది పిన్నీ" అంది మా పిల్ల, నా మొహమే చూస్తూ. "సాయంత్రం ఆరింటికి వచ్చేస్తా అమ్మమ్మా!"