కేసు గొర్రె చెవి

మా అత్త గురమ్మ గొర్రెను మూడేళ్ల కిందట దొంగ ఎత్తుకుపోయాడు. వారం తిరక్కుండానే పోలీసులు దొంగనూ పట్టారు, గొర్రెనూ పట్టారు. పీడ విరగడైందనుకున్నాం. అసలు పీడ అప్పుడే మొదలైంది.

గొర్రెను మా చేతికిస్తూ కోర్టువాళ్లు ఒక కాగితం మీద అత్త వేలిముద్ర వేయించుకున్నారు. కేసు తేలేదాకా అది కోర్టు సొత్తట. అమ్మకూడదు, కోయకూడదు, ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తెచ్చి చూపించాలి. మా గొర్రెకు మేమే జవాబుదారీ! మా ఊరు అర్ధవీడు నుంచి ఆటోలో ఆ గొర్రె కోర్టుకు తిరిగినన్ని సార్లు నేను పుట్టింటికి కూడా పోలేదు. పోయిన ప్రతిసారీ వాయిదానే. ఒకసారి జడ్జిగారికి సెలవు, ఒకసారి లాయర్ల సమ్మె, ఒకసారి దొంగకు జ్వరం. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. మేం గెలవకముందే ఏడుస్తున్నాం.

పోయిన వానాకాలం చిటుకు రోగం తగిలి ఆ గొర్రె గంటలో చచ్చింది. మా గొర్రెల కాపరుల్లో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటి జీవాలకు ఆ ఇంటి గుర్తుగా చెవి మీద గాటు పెడతాం. ఒకరి జీవం మన మందలో చస్తే ఆ చెవి కోసి, ఉప్పు రాసి ఎండబెట్టి సొంతదారుకు చూపించాలి. చెవి చూశాక ఎవరూ మారుమాట అడగరు. గొర్రె ఇప్పుడు కోర్టుది కాబట్టి కోర్టుకే చూపించాలనుకుంది అత్త. కళేబరాన్ని లోతుగా పూడ్పించి, చెవిని గుడ్డలో కట్టుకుని వాయిదాకు వచ్చింది.

బల్ల మీద ఆ చెవిని చూసి కోర్టు హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గొర్రె ఏదమ్మా?" అన్నాడు జడ్జి.

"చచ్చిపోయింది సార్. చెవి తెచ్చినా."

"పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఏది?"

"చెవి తెచ్చినా గదా సార్!"

దొంగ తరఫు లాయరు చటుక్కున లేచాడు. "గొర్రెను కోసుకుతిని చెవి మిగిల్చింది సార్. సాక్ష్యాన్నే మాయం చేసింది. ఈమె మీదే కేసు పెట్టాలి."

ఎందుకు పెట్టకూడదో చెప్పమన్నాడు జడ్జి. అరవై ఏళ్లుగా ఒకరి గడ్డిపరక ముట్టని మనిషిని! "మా అత్త అబద్ధమాడదు!" అని నేను అరిచాను. ఇంకోసారి నోరెత్తితే బయటికి పంపిస్తామన్నారు.

అప్పుడు బోనులోంచి దొంగ మాట్లాడాడు. వాడి పేరు అంకన్న. దొనకొండ వైపు వాడు, వాడూ గొర్రెలు కాసేవాడే.

"ఆయమ్మను ఏమనొద్దు సార్."

"నోరు మూసుకో," అని లాయరు పళ్లు కొరికాడు.

"ఎందుకు మూసుకోవాల? తిన్న గొర్రె చెవి తెచ్చి చచ్చిందని చూపిచ్చేటోళ్లు మాలో లేరు సార్. నేను దొంగతనం చేసినా గానీ అట్లాంటి పని ఎప్పుడూ చెయ్యలా. ఆ గాటు నాకు తెలుసు. ఆ గొర్రెను ఎత్తుకపోయింది నేనే."

లాయరు కుర్చీలో కూలబడ్డాడు. జడ్జి ఆ మాటను మళ్లీ ఒకసారి చెప్పించుకుని రాసుకున్నాడు. చెవిని దగ్గరికి తెప్పించుకుని కేసు కాగితాల్లోని గొర్రె ఫోటో పక్కన పెట్టి చూశాడు.

"సరే, గొర్రె చచ్చిందని నమ్ముతున్నాం. నీ మీద కేసేమీ ఉండదు. ఇక నువ్వు పోవచ్చమ్మా."

అత్త కదల్లేదు. నేను చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది.

"దొంగ చెప్తే నమ్మినారు సార్," అంది. "అదే మాట నేను చెప్తే ఏమైంది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బంట్రోతు తర్వాతి కేసు పిలిచాడు.