అవ్వ వయసు

వయసెంత అని వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు, పదో రోజు దినానికి వచ్చి కాళ్ళయినా కడుక్కోకముందే అదే మాట, మీ అవ్వకు ఎన్నేండ్లుంటుండె అమృతమ్మా, ఎన్నింటికి పాణం పోయింది, నేను పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ అందరికీ ఒకటే చెబుతున్నాను, అరవై ఎనిమిది, పొద్దున ఏడింటికి, చెప్పిన ప్రతిసారీ అనుకుంటున్నాను, వీళ్ళకు అవ్వ మీద ఇంత ప్రేమ ఎక్కడిది, కన్నతల్లిని పుట్టింటి ఊరు బోరంచ నుంచి తెచ్చుకొని మూడు నెలలు మంచంలో పెట్టుకొని చూసుకుంటే ఒక్కడు తొంగి చూడలేదు కదా, అసలు అవ్వ వయసు నాకే తెలియదు, లెక్క తేల్చింది నా మొగుడు బండెప్ప, శవం లేచిన మధ్యాహ్నం నా పక్కన గోడకానుకొని కూర్చొని మెల్లగా అడిగాడు, అత్తకు ఎన్నేండ్లుంటయే, ఇరవై ఏళ్ళ కాపురంలో మా అవ్వ గురించి అతడు అడిగిన మొదటి మాట అది, రజాకార్ల గడబిడల ముప్పై ఏండ్లని అంటుండె అన్నాను, గది నలభై ఎనిమిది, గిది ఎనభై ఆరు గదా అన్నాడు, ఇద్దరం వేళ్ళు మడిచి లెక్కపెట్టాం, అరవై ఎనిమిది, పక్కానా అన్నాడు, పక్కానే అన్నాను, అతడి భుజం మీద తలపెట్టి ఏడ్చాను, ఈ మనిషికీ మనసుంది అనుకొని ఏడ్చాను, థూ.

నీళ్ళ బిందె కోసం పెరట్లోకి వెళితే అతడి దోస్తు మాణిక్యప్ప బీడీ పారేసి నవ్వాడు, మీ అవ్వ పుణ్యాత్మురాలు వదినే, పోతపోత జోడి ఇచ్చి పోయింది, ఓపెన్ ఆరు, క్లోజ్ ఎనిమిది, మూడో దినమే బండెప్పకు పైసలు తగిలినయ్, గీ చీర గందులదే, నీకు చెప్పలేదా, బిందె చేతిలోనే ఉంది, ఒంటి మీద ఆకుపచ్చ ఇల్కల్ చీర, అత్త పేరు మీద తెచ్చిన కట్టుకో అని పొద్దున్నే ఇచ్చాడు, కట్టుకున్నాను, జోడి, పెళ్ళినాడు మా ఇద్దరినీ చూసి ముసలమ్మలు జోడి మంచిగున్నది అన్నారు, ఇప్పుడు ఆ మాటంటే బొంబాయి నుంచి ఫోనులో వచ్చే రెండు అంకెలు, ముందు వచ్చేది ఓపెన్, తర్వాతది క్లోజ్, బస్సు డిపో పక్క చాయ్ హోటల్ వెనక చీటీ రాయించుకునే మట్కా జూదం మాటలు, అవే ఇంటి మాటలైపోయాయి, కల్హేర్ దారిలో లారీ బోల్తా పడితే డ్రైవరును వదిలి నంబరు ప్లేటు దగ్గరికి ఉరికారు, పక్కింటి గిరిజమ్మకు కడుపు పోతే ఎన్నో నెల అని అడిగారు, దవాఖానలో ఎవరైనా మూలుగుతుంటే ఇంకా క్లోజ్ కాలేదా అంటారు, అని నవ్వుతారు, నేనూ ఒకసారి నవ్వాను, అవును, నవ్వాను.

లోపలికి వెళ్ళి చీర విప్పేసి పాతది చుట్టుకున్నాను, మగవాళ్ళందరూ విస్తర్ల ముందు కూర్చున్నారు, అన్నం గంప వాళ్ళ మధ్య దించాను, ఇంకేం కావాలె మీకు అన్నాను, మా అవ్వకు నోట్ల పండ్లెన్ని ఉండెనో చెప్పాల్నా, ఆరు, మంచంల ఎన్ని దినాలు పడ్డదో చెప్పాల్నా, తొంభై ఒకటి, రాసుకోండ్రి అన్నాను, ఏమే, నల్గురిల ఇజ్జత్ తీస్తున్నవ్, లోపటికి నడువ్ అని బండెప్ప లేచాడు, అందరూ తలలు వంచుకున్నారు, సిగ్గుపడ్డారనే అనుకున్నాను, అంతలో చూశాను, మాణిక్యప్ప పెదవులు కదులుతున్నాయి, తొంభై ఒకటి, చప్పుడు లేకుండా, బండెప్ప వైపు తిరిగాను, కోపంతో మొహం ఎర్రబడింది, కానీ బొటనవేలు మాత్రం వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది, తొమ్మిది, ఒకటి, నన్ను తిడుతూనే లెక్క పెట్టుకుంటున్నాడు.

గంటె విస్తరి మీద పడేశాను, నేను వడ్డించ, మీరే పెట్టుకోండ్రి అన్నాను, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను, ఎంత తేలికగా ఉందో, కడియాలు అమ్మినప్పుడు, చేను కౌలుకు పోయినప్పుడు, ఎప్పుడూ ఒకటే మొక్కు, తల్లీ ఒక్కసారి గెలిపించు, గెలిస్తే మానేస్తాడు, మనిషవుతాడు అని, ఇరవై ఏళ్ళు అతడు ఓడిపోతాడేమోనని భయపడ్డాను, ఓడిన మొగుడితో బతకొచ్చు, బతికాను, జాలిపడి అన్నం పెట్టాను, కానీ గెలిచినప్పుడు ఈ మనిషి ఎట్లా ఉంటాడో ఇప్పుడు చూశాను, ఇక జాలి లేదు.